సముద్రం ఎందాకా వచ్చింది

ఫెబి చదివిన చదువు బురద గురించి. కోరంగి మడ అడవుల్లో మోకాలి లోతు దిగి, బురద తెచ్చి, కడిగి, అందులో ఆవగింజ కన్నా ఎంతో చిన్నవైన పెంకులను సన్నటి కుంచెతో ఏరడం ఆమె పని. ఆ పెంకుల్లో ఒకప్పుడు జీవులుండేవి. ఒక్కో రకం ఒక్కో తీరు నీటిలోనే బతుకుతుంది. ఏ పొరలో ఏ రకం ఉందో చూస్తే, అది పేరుకున్న కాలంలో నీరు ఎంత ఉప్పగా ఉండేదో, సముద్రం ఎందాకా వచ్చేదో, వానలెలా కురిసేవో చెప్పవచ్చు. దాని మీదే ఆమెకు విశాఖలో డాక్టరేట్ వచ్చింది. ఉద్యోగం మాత్రం రాలేదు. తాత్కాలిక ప్రాజెక్టులు ఒకదాని తర్వాత ఒకటి ముగిసిపోయాయి. దోహాలో ఓడల కంపెనీ ఆఫీసులో లెక్కలు చూసే రాజ్ కిరణ్‌తో పెళ్ళయి, తొంభై అయిదులో ఆమె ఖతర్ వచ్చింది.

నాలుగు నెలలు ఇంట్లో కూర్చుంది. కూర్చుంది అనడం సరికాదు. ఆ రెండు గదుల ఫ్లాట్‌లో కిటికీ దగ్గరి నుంచి తలుపు దాకా, తలుపు దగ్గరి నుంచి కిటికీ దాకా తిరిగింది. చివరికి మట్టి పరీక్షలు చేసే ఒక కంపెనీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేరింది. కాంక్రీటు దిమ్మలను మిషన్లో నలగగొట్టడం, ఇసుక జల్లించడం, అంకెలు రాయడం. ల్యాబ్ మేనేజర్ జహాంగీర్ హైదరాబాద్ మనిషి. ఆమె చదువు సంగతి తెలిసిన రోజు నుంచి "డాక్టరమ్మా" అని పిలిచేవాడు. అందులో ఎగతాళి లేదు, అలాగని ఆ చదువుతో అతనికి పనీ లేదు.

మరుసటేడు ఎండాకాలం ముగిసే వేళ, దోహా పక్కనున్న అల్ వక్రాలో ఇళ్ళు కట్టబోయే స్థలం నుంచి బోరు మట్టి వచ్చింది. ఒక సంచి మూతి విప్పగానే ఫెబి చెయ్యి ఆగింది. బూడిదరంగు బురద, కుళ్ళిన ఆకుల వాసన. కోరంగి వాసన. పరీక్షకు పోగా మిగిలిన మట్టిని ఎలాగూ పారేస్తారు. అడిగి ఒక డబ్బా నిండా ఇంటికి తెచ్చుకుంది. వంటింట్లో కడిగింది, ఆరబెట్టింది, భోజనాల బల్ల మీద తన పాత మైక్రోస్కోపు పెట్టి చూసింది.

మడ అడవుల నీటిలో బతికే పెంకులవి. ఆ స్థలానికీ ఇప్పటి ఒడ్డుకూ మధ్య రెండు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. చుట్టూ ఎండిన నేల. ఎప్పుడో ఇక్కడ నీళ్ళు నిలిచాయి, మడ చెట్లు పెరిగాయి అంటే ఈ నేల కథే వేరు.

సెలవుకు ఇండియా వెళ్తున్న ఒకావిడ చేత కొన్ని పెంకులు పంపి, అక్కడి ల్యాబ్‌లో వయసు కట్టించింది. దాదాపు ఆరు వేల ఏళ్ళు. సముద్రం ఇప్పటికన్నా ఎత్తుగా ఉండేదని శాస్త్రం చెప్పే కాలమే అది. కానీ ఇంత లోపలికి వచ్చిందని ఆమె చదివిన వాటిలో ఎక్కడా లేదు.

విశాఖలో తన గైడు జక్కయ్య గారికి ఫోన్ చేసింది.

"జనవరిలో మన దగ్గరే సదస్సు ఉందమ్మా. నీ పేరు వేసేస్తున్నాను," అన్నాడాయన. "డిపార్టుమెంటులో లెక్చరర్ పోస్టు కూడా పడేలా ఉంది. ఈ పేపరు చదివావంటే కాదనేవాడుండడు."

ఫోన్ పెట్టేసి, పోస్టు సంగతి నిలబడే చెప్పింది. రాజ్ కిరణ్ అన్నం వడ్డించుకుని తినడం మొదలుపెట్టాడు.

"పోస్టు వస్తే వెళ్తావా?" అని అడిగాడు.

"మీరేమంటారు?"

"నేను ఉండమంటే మాత్రం నువ్వు ఉన్నట్టా? ఇక్కడున్నా ఇంట్లో ఉన్నట్టుండవు." కోపంగా అనలేదు. పెరుగు గిన్నె ఆమె వైపు జరిపాడు.

డిసెంబరులో పెంకుల ఆఖరి లెక్క కోసం మిగిలిన మట్టి ముద్దను విడదీస్తోంది. మైక్రోస్కోపులో పెంకుల మధ్య నీలంగా ఏదో కనబడింది. కుంచెతో కదిపింది. నైలాన్ పోగు. చేపల వల నుంచి తెగి వచ్చినట్టుంది.

ల్యాబ్‌లో పడి ఉంటుందనుకుని పక్కకు తోసింది. కాసేపటికి కుంచె కింద పెట్టి లేచింది. వంటింట్లోకి వెళ్ళింది, ఏమీ తీసుకోకుండా తిరిగొచ్చింది. ఆ పోగు పైన పడి లేదు. ముద్ద లోపల ఉంది. విరగ్గొట్టింది తనే. ఆరు వేల ఏళ్ళ బురద లోపలికి నైలాన్ ఎలా వెళ్ళింది?

తర్వాతి రోజులు ఆమెకు నిలకడ లేదు. డ్యూటీలో అంకెలు తప్పు రాసి కొట్టేసింది. అక్కడ సెలవు రోజైన శుక్రవారం, ఒక విల్లాలో జరిగే తెలుగు క్రైస్తవుల ప్రార్థనకు వెళ్ళి, పాట మధ్యలో బయటికొచ్చి కార్ల మధ్య నడిచింది. పైనున్న పోగును బోరు యంత్రం లోపలికి లాగి ఉంటుంది. పనివాళ్ళ చేతి తొడుగులది అయివుంటుంది. ఒక్కో కారణమూ పొద్దున నమ్మకంగా ఉండేది, సాయంత్రానికి నిలిచేది కాదు.

"కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావేంటి?" అన్నాడు రాజ్ కిరణ్.

చెప్పింది. అతను విని, "ఒక్క పోగేగా," అన్నాడు.

"ఒక్కటే. అది సహజంగా పేరుకున్న బురద కాకపోతే? ఎవరో తెచ్చి పోసిన మట్టి అయితే?"

"అయితే నీ పేపరు పోతుంది."

"పేపరొక్కటే కాదు. అది మామూలు నేల అని మా ల్యాబ్ రిపోర్టు ఇచ్చింది. దాన్ని బట్టే పునాదులు వేస్తారు. పోసిన మట్టి మీద ఇల్లు కడితే కుంగుతుందండీ."

మర్నాడు పొద్దున రాజ్ కిరణ్ తన ఆఫీసుకు ఆలస్యమైనా, ఆమెను ల్యాబ్ గుమ్మం దాకా దించి వెళ్ళాడు.

జహాంగీర్ ఆమె చెప్పిందంతా విని టీ కప్పు పక్కన పెట్టాడు.

"డాక్టరమ్మా, ఆ రిపోర్టు పోయి రెండు నెలలయింది. సంతకం నాది."

"తెలుసు సార్."

"ఒక దారం పోగు చూసి నేను క్లయింటుకు ఫోన్ చేసి, మేం తప్పు రాసినం అనాల్నా?"

"ఇప్పుడే చేయమనట్లేదు. రెండు బోర్లు వేయించండి. మట్టిని సంచుల్లో కలిపేయకుండా, గొట్టంలోనే కదలకుండా తీస్తే పొరలు కనిపిస్తాయి. నాది తప్పయితే నా జీతంలో పట్టుకోండి."

"నీ జీతం ఎవరికి గావాలె?" అతను పక్కన పెట్టిన టీ కప్పు మళ్ళీ అందుకున్నాడు. "రెండు బోర్లు. అంతకంటె ఎక్కువ అడగొద్దు."

బోరు యంత్రం నడిపేది ముత్యం. జగిత్యాల దగ్గరి పల్లె అతనిది. వక్రా స్థలంలో యంత్రాన్ని నిలబెడుతూ, "గొట్టంల తియ్యాలంటె టైం పడ్తది మేడం," అన్నాడు.

"పట్టనీ ముత్యం. నేనిక్కడే ఉంటాను."

గాలికి ఇసుక కళ్ళలో పడుతోంది. ఆమె నిలబడ్డచోట నిలబడలేక యంత్రం చుట్టూ తిరుగుతోంది. ముత్యం ఆమెను చూసి మాట కలిపాడు.

"మా అవ్వ ఫోన్ల అడుగుతది, దుబాయ్‌ల ఏం పని జేస్తున్నవురా అని. బోర్లేస్తున్న అంటె, నీళ్ళు పడ్డయా అంటది."

"ఏమని చెప్తావు?"

"పడ్డయని చెప్త. లేకుంటె పరేషాన్ అయితది."

ఫెబి నవ్వింది. ఆ నెలలో ఆమె నవ్వడం అదే మొదలు.

మొదటి గొట్టం ల్యాబ్‌కు తెచ్చి నిలువునా కోశారు. పొరలు లేవు. బురద ముద్దలు, ఇసుక, రాళ్ళు, పెంకులు కలగలిపి పిసికినట్టు ఉన్నాయి. ఆమెకు అప్పుడే తెలిసింది, అయినా రెండోది కూడా కోయమంది. రెండో గొట్టంలో బురద అడుగున, ఎడారి ఇసుక మొదలయ్యే చోట, తుప్పుపట్టిన సోడా సీసా మూత ఇరుక్కుని ఉంది.

ఎన్నో ఏళ్ళ కిందట ఎవరో రేవు లోతు చేయడానికి ఒడ్డున తవ్వి, అక్కడి పాత మడ బురదను లారీల్లో తెచ్చి ఈ పల్లాన్ని ఎత్తు చేశారు. పెంకులు నిజంగానే ఆరు వేల ఏళ్ళవి. కానీ పుట్టింది ఇక్కడ కాదు. కింద ఉన్న ఇసుకను ఫెబి మూడుసార్లు కడిగి చూసింది. ఒక్క పెంకు లేదు. సముద్రం ఇక్కడిదాకా రానేలేదు.

జహాంగీర్ కోసిన గొట్టం ముందు నిలబడి, "ఎన్ని ఇండ్లు కడ్తున్నరు ఆడ?" అని అడిగాడు.

"నలభై అట సార్."

అతను తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. సాయంత్రానికి సవరించిన రిపోర్టు వెళ్ళింది. దాని మీదా అతని సంతకమే.

జక్కయ్య గారికి చెప్పడం అంతకన్నా కష్టమైంది.

"ప్రోగ్రాం అచ్చయిపోయిందమ్మా," అన్నాడాయన. "వయసు సరిపోయింది, జాతులు సరిపోయాయి. ఆ పెంకులు అబద్ధం చెప్తాయా?"

"అవి నిజమే చెప్పాయి సార్. మడ నీటిలో పుట్టామన్నాయి. ఇక్కడ పుట్టామని నేనే అనుకున్నాను."

"అనుమానం ఉందని కింద చిన్న అక్షరాల్లో ఒక మాట రాసెయ్. సరిపోతుంది."

"అనుమానం కాదు సార్. తెలిసింది. నా పేరు తీసేయండి."

"అయితే పోస్టు సంగతి నేనేమీ చెప్పలేను," అన్నాడాయన.

"సరే సార్."

నిజం చెబితే మనసు తేలికవుతుందని చిన్నప్పుడు సండే స్కూల్లో చెప్పేవారు. ఆమెకు తేలిక కాలేదు. సదస్సు జరిగే రోజుల్లో ఆమె ల్యాబ్‌లో దిమ్మలు నలగగొడుతూ, ఈ వేళకి నా పేపరు చదివేదాన్ని అనుకుంది. విశాఖలో ఆ పోస్టు వేరొకాయనకు వచ్చిందని తర్వాత తెలిసింది. ఆ రోజు ఇల్లంతా కడిగింది, కడిగిన గది మళ్ళీ కడిగింది. రాజ్ కిరణ్ బకెట్ అందుకుని నీళ్ళు పోస్తూ పక్కనే ఉన్నాడు.

వక్రా ఇళ్ళకు పునాదులు మార్చారు, లోతు పెంచారు. ఖర్చు పెరిగిందన్న కోపంతో ఆ కాంట్రాక్టరు తర్వాతి పనులన్నీ వేరే కంపెనీకి ఇచ్చాడు. మార్చి నెలలో ల్యాబ్‌లో ముగ్గురిని తీసేశారు. అందులో ఫెబి ఒకతె. ఆ మాట జహాంగీరే ఆమె బల్ల దగ్గరికి వచ్చి చెప్పాడు.

"పైవాళ్ళు తీసుకున్న నిర్ణయం. నా చేతుల లేదు."

"మీకేమీ కాలేదు కదా సార్?"

"నాకేమైతది? రెండేండ్లల్ల రిటైర్ అయితున్న." వెళ్ళబోతూ ఆగాడు. "స్టోర్ల చేతితో తిప్పే బోరు కడ్డీ ఒకటుంది. మిషన్లొచ్చినంక ఎవరు ముట్టట్లే. తీస్కపో."

ఏప్రిల్ మొదటి శుక్రవారం, ప్రార్థన మానుకుని, రాజ్ కిరణ్ ఆమెను ఉత్తరానికి తీసుకెళ్ళాడు. మదీనత్ అల్ షమాల్ దాటాక ఒడ్డు పొడవునా తెల్లటి ఉప్పు పర్ర, ఏమీ మొలవని చవిటి నేల. ఇల్లు లేదు, రోడ్డు లేదు, లారీ చక్రాల జాడ లేదు. అలాంటి చోటు కోసం ఫెబి రెండు వారాలు మ్యాపులు చూసింది. సెలవు రోజని ముత్యం కూడా వచ్చాడు. ఎందుకని అడిగితే, "క్యాంపుల పండి ఏం జెయ్యాలె?" అన్నాడు.

ముత్యం, రాజ్ కిరణ్ చెరోవైపు పట్టుకుని కడ్డీ తిప్పారు. పైన పేరుకున్న ఉప్పు పలక విరిగింది. కింద తడి ఇసుక, దాని కింద బూడిదరంగు మట్టి. ఫెబి చాకుతో దాన్ని చీల్చి, ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. మామిడి తాండ్రలా పలచటి పొరలు, ఒకదాని మీద ఒకటి, చెదరకుండా. నీరే స్వయంగా పరిచిన మట్టి.

"సముద్రం వచ్చినట్టేనా?" అన్నాడు రాజ్ కిరణ్.

"తెలీదు. కడగాలి, ఏరాలి. వచ్చినా ఎప్పుడొచ్చిందో, ఎన్నాళ్ళుందో..." ఆమె మట్టిని గుడ్డలో చుట్టి, పైకొన ఎటో గుర్తు పెట్టింది. అప్పటికే చూపు ఒడ్డుకు ఎదురువైపున, పర్ర లోపలికి పోయింది. "అక్కడొకటి వేద్దాం. ఆ తర్వాత ఇంకాస్త లోపల. పొర ఎక్కడ ఆగిపోతుందో చూడాలి."

"ఎండ నెత్తికెక్కింది ఫెబీ. అన్నం తిని వేద్దాం."

"మీరు తినండి," అంది. కడ్డీ భుజాన వేసుకుని అప్పటికే నడుస్తోంది. ముత్యం రాజ్ కిరణ్ వైపు ఒకసారి చూసి, నీళ్ళ డబ్బా అందుకుని ఆమె వెనకాల బయల్దేరాడు.