నలభై ఒకటో బిళ్ళ

పోయినవాళ్ళందరూ మంచివాళ్ళే అంటారు. పోయారో లేదో తెలియనివాళ్ళ సంగతే ఎటూ తేలదు. అబ్దుల్ రజాక్ తాత గులాం మొహమ్మద్ ఆ బాపతు మనిషి.

విశాఖపట్నం రేవు కట్టే రోజుల్లో ఆయన రాళ్ళ పడవ మీద పనిచేసేవాడు. 1932లో ఒక ఉదయం పనికని బయలుదేరి మళ్ళీ ఇల్లు చేరలేదు. మునిగిపోయాడని కొందరన్నారు. బర్మా పోయే రంగం ఓడెక్కి పారిపోయాడని ఇంకొందరన్నారు. చనిపోయాడని రూఢి కాని మనిషికి ఫాతిహా చదివించకూడదని ఆ ఇంటివాళ్ళ పట్టుదల. అందుకని పెద్దల పేర్లు వరసగా చదివే మౌల్వీ ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి ఒకసారి దగ్గి, తర్వాతి పేరుకు వెళ్ళిపోయేవాడు.

ఫాతిహా లేకపోయినా అన్నం మాత్రం మానలేదు. గులాం మొహమ్మద్ భార్య రోజూ పొద్దుగూకే మగ్రిబ్ వేళకి పెరటి గడప మీద ఒక కంచం పెట్టేది, ఎప్పుడొచ్చినా ఆకలి మీద వస్తాడని. ఆవిడ పోయాక కూతురు మెహబూబ్ బీ పెట్టింది. తెల్లారేసరికి సగం అన్నం తరిగి ఉండేది. ఇంకా ఎవరూ లేవకముందే మెహబూబ్ బీ ఆ కంచం కడిగేసేది. పాత ఊళ్ళో పిల్లులకు కొదవా అని ఇంట్లోవాళ్ళు పట్టించుకోలేదు.

రజాక్ ఈ మెహబూబ్ బీ కొడుకు. ఓడల్లో సరుకు ఎక్కించి దించే ఒక కంపెనీలో గుమాస్తా. గుమాస్తా అన్నవాడికి ఖాళీ గడి కనబడితే అన్నం సహించదు. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో ఆయనకు తమ వంశవృక్షం రాయాలని బుద్ధి పుట్టింది. పెద్ద డ్రాయింగు కాగితం తెచ్చి ఏడు తరాలు గీశాడు. ముసలివాళ్ళను అడిగి, సమాధుల మీద రాళ్ళు తుడిచి అన్ని గడులూ నింపాడు. తాత పోయిన తేదీ ఒక్కటే మిగిలింది. ఒక పెళ్ళిలో బావమరిది మౌలాలి పదిమందిలో, “మీ తాత రంగంలో ఇంకో నిఖా సేసుకునుంటాడు బావా, ఆ కొమ్మ కూడా గియ్యి” అన్నాడు. అందరూ నవ్వారు. రజాక్ కూడా నవ్వాడు గానీ, తాత పెళ్ళాం పిల్లల్ని వదిలి పారిపోలేదని తేల్చి, ఆ పేరున ఫాతిహా చదివించాలని ఆ రోజే గట్టిగా అనుకున్నాడు.

మెహబూబ్ బీ మాత్రం ఒక్క మాటే అంది. “తవ్వకురా.”

1982లో కంపెనీ కొత్త భవనంలోకి మారుతూ పాత రిజిస్టర్లు తూకానికి అమ్మెయ్యాలనుకుంది. వాటిలో రేవు కట్టినప్పటి పడవల కాంట్రాక్టరు హాజరు పుస్తకాలు కూడా ఉన్నాయని విని, రజాక్ వాచ్‌మన్ గవర్రాజును బతిమాలి వెనక గది తీయించాడు. మూడు వారాలు మధ్యాహ్నం తిండి మానేసి చెదపురుగులతో కుస్తీ పట్టాడు. ఆ రోజుల్లో కూలీలందరికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళలుండేవి. పుస్తకంలో నంబరు, పేరు, ఆ పక్కన రోజుకో వేలిముద్ర. నలభై ఒకటో బిళ్ళ గులాం మొహమ్మద్‌ది. ఆగస్టు పదిహేడున ఆ వరసలో ఎర్ర సిరాతో రాసి ఉంది. పడవ నుంచి పడి మునిగి మృతి, శవం దొరకలేదు.

రజాక్‌కు కళ్ళనీళ్ళు తిరిగాయి. చావు వార్త చదివి ఇంత సంతోషించిన మనవడు ఆ ఊళ్ళో ఇంకొకడు ఉండడు. ఇంటికొచ్చి ఆ తేదీని ఖాళీ గడిలో అందంగా రాశాడు. గురువారం ఫాతిహా చదివించాడు. మౌల్వీ దగ్గకుండా ఆ పేరు చదివాడు. మౌలాలి వచ్చి రజాక్ చేతులు పట్టుకుని మాట వెనక్కి తీసుకున్నాడు. మెహబూబ్ బీ ముసుగు కిందికి లాక్కుని కూర్చుంది, ఏడవలేదు. ఆ సాయంత్రం ఆవిడ అలవాటుగా కంచం తీసుకుని పెరట్లోకి పోతుంటే రజాక్ అడ్డం వెళ్ళి, ఇంక ఇది అక్కర్లేదమ్మీ అని చేతిలోంచి తీసుకున్నాడు. ఆవిడ గడప వైపు చూసి, నీ ఇష్టం అంది.

ఇల్లు అలకగానే పండగ కాదు. మర్నాడు మగ్రిబ్ వేళ పెరటి తలుపు గొలుసు ఆడింది. రజాక్ తీసి చూస్తే ఎవరూ లేరు. గడప మాత్రం తడిసి ఉంది. నీళ్ళు చూస్తే సముద్రం అడుగు బురద వాసన. మూడో రోజు భోజనానికి కూర్చున్నాడు. తను ఇంకా చెయ్యి పెట్టలేదు, కంచంలో అన్నం కుప్ప అంచున బొటనవేలు దిగిన గుంట ఉంది. భార్య షరీఫున్నీసాను అడిగితే, నేను మీ అన్నంలో వేలెందుకు పెడతానని చిన్నబుచ్చుకుంది. రజాక్ కంచం పక్కకు నెట్టి లేచాడు.

వారం తిరిగేసరికి అది ఆఫీసుకు కూడా వచ్చింది. పొద్దున సంతకం పెడదామని హాజరు పట్టీ తెరిస్తే, తన నంబరూ పేరూ ఎదురుగా ఆనాటి గడిలో అప్పటికే వేలిముద్ర పడి ఉంది. సిరా లేదు, తడి. కాగితం ఉబ్బింది, ఆరినచోట ఉప్పు తెల్లగా కట్టింది. మేనేజరు భీమశంకరరావు అది చూసి, బీయే చదివి వేలిముద్రలేమిటయ్యా అని హాస్యమాడాడు. రజాక్ పట్టీ మూసేశాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు చూసుకుంటే ఆనాటి గడి ఖాళీగా ఉంది. ముద్ర రేపటి గడిలో పడింది.

రేపు తన బదులు ఎవరో హాజరవుతారు. మరి తను ఎక్కడ ఉంటాడు? ఆ ఆలోచన రాగానే రజాక్ వెనక గదికి పరిగెత్తాడు. నలభై ఒకటో బిళ్ళ వరస మళ్ళీ తీశాడు. గుమాస్తా కన్ను నంబరు చూస్తుంది గానీ వేలు చూడదు. మొదటిసారి ఆయన చేసిన తప్పు అదే. ఇప్పుడు వేళ్ళు చూశాడు. పేజీల నిండా ఉన్నది బఠానీ గింజంత చిన్న ముద్ర. తాత కుడి బొటనవేలు తాడు మధ్య పడి మొదటి కణుపు దాకా తెగిందని అమ్మ చిన్నప్పుడు చెప్పిన మాట గుర్తొచ్చింది. ఆగస్టు పదిహేడునాటి ముద్ర మాత్రం నిండు వేలు.

బదిలీ మనిషి. పనికి రాలేనివాడు తన బిళ్ళ ఇంకొకడికిచ్చి పంపడం రేవులో అందరికీ తెలిసిన పద్ధతే. నంబరు పిలిస్తే పలకాలి, వేలు వెయ్యాలి, పేరు ఎవరూ అడగరు. ఆ రోజు మునిగింది వేరే ఎవరో. తాత బతికే ఉన్నాడు. బతికుండి ఇంటికి రాలేదు. మౌలాలి హాస్యమే నిజమైంది. తను పదిమందిని పిలిచి చదివించిన ఫాతిహా అబద్ధమైంది.

పొద్దు వాలుతుండగా ఇంటికొచ్చి, మంచం మీద ఉన్న తల్లికి తలవంచుకుని అంతా చెప్పాడు. ఆవిడ, తెల్సు అంది. ఆ రోజు ఆవిడకు ఏడేళ్ళు. తెల్లారగట్ల ఎవరో బక్కపల్చని మనిషి పెరటి గుమ్మంలోకి వచ్చాడట. యారాడ వైపు సేపలోళ్ళలాగున్నాడట. తండ్రి అతన్ని గడప మీద కూర్చోబెట్టి తన కంచంలోనే అన్నం పెట్టాడు. అతను పులుసు కోసమని అన్నంలో బొటనవేలితో గుంట చేసి, ఈ పిల్లను చూసి నవ్వాడు. తిన్నాక తండ్రి అతని మొలతాడుకు బిళ్ళ కట్టి పంపించాడు. ఎవరికీ చెప్పొద్దని కూతురితో అని, చిన్న మూటతో వీధి వైపు నుంచి తనూ వెళ్ళిపోయాడు.

“మా అమ్మ పోయాక మొదటిసారి నాను కంచం ఎట్టిన్నాడే సూసాను ఆ గుంట. నిండు ఏలు. మా నాన్నది సగం ఏలు” అంది మెహబూబ్ బీ.

“మరి ఇన్నేళ్ళూ ఎందుకెట్టావమ్మీ?”

“మా నాన్న బదులు సచ్చినోడు. మా నాన్న బదులు తిననీ అన్నాను.” ఆవిడ కాసేపు ఆయాసపడి మళ్ళీ అంది. “ఆడి పేరు నాకు తెల్దు. ఆడిల్లు తెల్దు. ఆడికున్నది ఆ కంచం ఒకటే, అదీ నువ్వు తీసేసావు. ఇంకెక్కడికెల్తాడు, నీ నంబర్లో నిలబడ్డాడు.”

రజాక్ లేచి వంశవృక్షం కాగితం తెచ్చి తాత గడిలో తేదీ చెరిపేశాడు. కంచంలో అన్నం వడ్డించి, పక్కన గిన్నెలో పులుసు పోసి, తన చేత్తోనే గడప మీద పెట్టి తలుపు దగ్గరగా వేశాడు. లోపల కూర్చుని, నీ పేరేమిటి నాయనా అని అడిగాడు. తలుపవతల నీళ్ళు చుక్కచుక్కగా రాలిన చప్పుడు కొంతసేపు వినబడి ఆగిపోయింది. మర్నాడు ఆఫీసులో ఆనాటి గడి పొడిగా ఉంది. రజాక్ సంతకం పెట్టి, గోడకు ఆనుకుని నిలబడి ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ తర్వాత కంచం పెట్టడం, కడగడం ఆయన పనే అయింది. పొద్దున గుంట కనబడితే భయం పోయి, మనిషి వచ్చి తిని వెళ్ళాడన్న నిమ్మళం కలిగేది.

నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున కంచం తియ్యబోయి రజాక్ అక్కడే కూలబడ్డాడు. మిగిలిన అన్నంలో ఎప్పటి గుంట ఉంది. దాని పక్కనే బఠానీ గింజంత ఇంకొకటి ఉంది.

కంచం అలాగే తీసుకెళ్ళి తల్లికి చూపించాడు. ఆవిడ ఆ చిన్న గుంటలో వేలుపెట్టి తడిమింది. ఫాతిహా నాడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఏడ్చి ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుంది.

“ఇప్పుడు సచ్చాడు. తేదీ రాసుకో, ఫాతిహా సదివించు” అంది. రజాక్ లేవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. “ఆడి కంచంలో మా నాన్నని సెయ్యెట్టనియ్యకు. మా నాన్నకి ఏరే కంచం ఎట్టు.”