అనిల్ కుమార్ నిద్ర

యుద్ధం బొమ్మలంటే మనవాళ్లకి తుపాకులు పేలాలి. నేను గీసినవాటిలో ఒక్కటీ పేలదు. కార్గిల్‌లో మా ఫిరంగి దళం ముందువరసకి వెనకాల ఆగినప్పుడు, మావాళ్లు మేజోళ్లు ఆరేసుకోవడం, ఉల్లిపాయలు తరుక్కోవడం, ఒకరి మీద ఒకరు ఒరిగి కునుకు తీయడం గీసుకున్నాను. మాది పెడన, కలంకారీ పనివాళ్లం. ఊరంతా అచ్చులద్దినా, నేను మాత్రం కాల్చిన చింతపుల్లతో గుడ్డ మీద గీతలు గీస్తూ పెరిగాను. కార్గిల్‌లో చింత లేదు కనక దొరికిన పుల్లనే కాల్చుకున్నాను. మొన్నామధ్య బందరులో ఆ బొమ్మలు ప్రదర్శనకి పెడితే, ఒక పెద్దమనిషి చివరిదాకా చూసి, ఇంతకీ యుద్ధం ఎక్కడుందండీ అని అడిగాడు. ఇంటికెళ్లి టీవీలో చూసుకోమన్నాను.

వాటిలో ఒక్క బొమ్మ మాత్రం నా దగ్గర లేదు. అది దివిసీమలో ఎలీసబెతమ్మ ఇంట్లో ఉంది. ఆవిడ కొడుకు అనిల్ కుమార్ మా దళంలో ఉన్న మనవైపు కుర్రాడు. బూట్లు తలకింద పెట్టుకుని, నోరు కాస్త తెరుచుకుని పసిపిల్లాడిలా నిద్రపోతుంటే గీశాను. ఆ వారంలోనే పోయాడు. ఊరికొచ్చిన పెట్టె తెరవొద్దన్నారు. కన్నతల్లి కొడుకు మొహం చూడకుండానే పిడికెడు మట్టి వేసింది.

సెలవులో వెళ్లి ఆ కాగితం చేతికిస్తే చాలాసేపు చూసి, నిద్రపోయాడన్నమాట, అంది. అప్పటినుంచి మంచం పక్క గోడకి తగిలించుకుని, దాని కిందే ప్రార్థన చేసుకునేది. పోయినవాళ్లని ప్రభువునందు నిద్రించారంటారు క్రైస్తవులు. ఆ మాట మీద నమ్మకం ఈ బొమ్మ చూశాకే కుదిరిందని నాతో చాలాసార్లు అంది.

ఈ ఏడు ఊరి సెంటర్లో అనిల్‌కి విగ్రహం పెట్టించాలని ఊరిపెద్ద వెంకటపతి గారు పూనుకున్నారు. మంచి మనిషే. మంచివాళ్లతోనే వస్తుంది చిక్కు. ఇంట్లో ఫోటోలన్నీ చెమ్మకి పాడైపోయాయని, శిల్పికి చూపించడానికి ఆ బొమ్మ అడిగి పట్టుకెళ్లారు. కళ్లు మూసి ఉంటే శవంలా ఉంటుందన్నాడట శిల్పి. దేవుడి విగ్రహానికైనా ఆఖరున కళ్లు తెరిపించాల్సిందే కదా అని, వెంకటపతి గారు మంచిరోజు చూసుకుని, తలస్నానం చేసి, నల్ల స్కెచ్ పెన్నుతో ఆ కాగితం మీదే రెండు కళ్లు దట్టంగా గీసేశారు.

ఆవిష్కరణకి నన్నూ పిలిచారు. బంగారు రంగు విగ్రహం, చేతిలో తుపాకీ, కోరమీసం. అనిల్‌కి మీసమే సరిగ్గా రాలేదు. పోనీ, అది సిమెంటు. ఎలీసబెతమ్మ సభకి రాలేదని తెలిసి ఇంటికి వెళ్లాను. అద్దాల ఫ్రేములో తిరిగొచ్చిన బొమ్మని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అప్పుడు చూశాను ఆ కళ్లని.

నా వెనకే వచ్చిన వెంకటపతి గారు, "చూశారా శ్యాంబాబు గారూ, ఇప్పుడు ప్రాణం వచ్చింది బొమ్మకి," అన్నారు.

కోపం నషాళానికి అంటింది. ఆయన మాత్రం చేతులు కట్టుకుని, నిజంగా సంతోషపడుతూ నిలబడ్డారు. అలాంటి మనిషిని ఏమని తిట్టను?

ఆయన వెళ్లాక, అచ్చం అలాంటిదే కొత్తది గీసిస్తానని చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"అది నువ్వు గీసిన బొమ్మవుద్దయ్యా. ఇందులో మావోడు నిజంగా పడుకున్నాడు."

ఆ ఇంకు కాగితంలోకి దిగిపోయింది, గీకితే చిరుగుతుంది. దాచకుండా ఆ సంగతి కూడా చెప్పేశాను. ఆవిడ విని, ఫ్రేముని గోడవైపు తిప్పి తగిలించమంది. నా చేతులతోనే తగిలించాను.

"ఇన్నేళ్లూ పడుకున్నాడులే అని నేనూ పడుకున్నా," అంది. "నిద్ర లేచినోడు అన్నం అడుగుతాడు గదయ్యా. నేనేం పెట్టేది?"