తవుడు మూట

శవపెట్టె గోతిలోకి దిగింది. "దగ్గరివాళ్ళు మన్ను వెయ్యండి" అని పాస్టరుగారు అనగానే, నంద్యాలలో ఎవరూ ఎరగని ఒక రైతు గుంపును తోసుకుంటూ ముందుకొచ్చాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, వంగి పిడికెడు మన్ను తీశాడు.

యేసురత్నం అతని చెయ్యి పట్టుకున్నాడు. "ఎవరప్పా నువ్వు?"

"మద్దిలేటి. ఆళ్ళగడ్డ. మొదట నేనెయ్యాల. పెద్దకొడుకును."

"ఎవరికి?"

"ఇంగెవరికప్పా? మాయమ్మ హన్నమ్మకు!"

గుంపులో గుసగుసలు లేచాయి. నర్సు హన్నమ్మకు యేసురత్నం ఒక్కడే కొడుకు. ఆ ఒక్కడూ రెండు చేతులతో మద్దిలేటిని వెనక్కి నెట్టేశాడు.

మద్దిలేటి తిరగబడలేదు. మన్ను జారవిడిచి, కళ్ళు తుడుచుకున్నాడు. "పిడికెడు తవుడిచ్చి కొనుక్కున్నాదిరా నన్ను" అని చెప్పి వెళ్ళిపోయాడు.

మూడోరోజు యేసురత్నం తల్లి రేకుపెట్టె తెరిచాడు. తెల్లచీరలు, కత్తెర, డెట్టాలు సీసా. అడుగున పిడికిలంత గుడ్డమూట. ముడి కింద ఎర్రదారంతో అక్షరాలు కుట్టి ఉన్నాయి: యేసురత్నం, 1931. వేలితో నొక్కితే లోపల పొడి. వాసన చూశాడు. తవుడు.

మద్దిలేటి మాట గుర్తొచ్చింది. రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా అతను. ఊరూ పేరూ లేని మూటలను రోజూ చూసేవాడే. ఇరవై ఆరేళ్ళకు ఇప్పుడు తనే అలాంటి మూటయ్యాడా?

ఏ పల్లెలో ఏ బిడ్డ ఎదురుకాళ్ళతో పుట్టిందో అమ్మ కథలు కథలుగా చెప్పేది. తన పుట్టుక గురించి మాత్రం ఒక్కనాడూ చెప్పలేదు. అడిగితే "పుట్టినావులే, పోయి చదువుకో" అనేది. నాయన చిన్నప్పుడే పోయాడు. ఇక అడగడానికి ఎవరున్నారు?

మర్నాడు పొద్దున ఆళ్ళగడ్డ బస్సెక్కాడు. ఎక్కే ముందు అద్దంలో ముక్కు చూసుకున్నాడు. అమ్మ ముక్కులాగే ఉంది. బస్సు దిగేసరికి ఆ నమ్మకమూ పోయింది.

మద్దిలేటి తల్లి వెంకటలక్ష్మమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. అతన్ని చూడగానే చేట పక్కన పెట్టింది.

"రా నాయనా. నన్ను సూడనీకి వచ్చినావా, మావోన్ని ఇంగోసారి తొయ్యనీకి వచ్చినావా?"

"తప్పయిపోయింది పెద్దమ్మా. అసలు ఏందీ కత? నాకేమీ అర్థం కావడంల్యా."

"నాకు మొదట మూడు కాన్పులు. ముగ్గురూ పురిట్లోనే పోయినారు. మద్దిలేటి నాలుగోవాడు. అట్లాంటి బిడ్డను చేటలో ఏసి, తవుడుకు అమ్మేస్తే నిలుస్తాడంటారు. మా దురదృష్టం అంటుకుంటాదని ఎవరూ కొననీకి రాల్యా. మీయమ్మ ఏమన్నాదో తెల్సా? 'చేతులు కడగకుండా బొడ్డు కోస్తాండారు, యముడెందుకు, మీరు చాలరా?' అన్నాది. మూడుదినాలు ఈడే ఉండి, నీళ్ళు కాంచి మావోన్ని సాకె. నా ఏడుపు సూడల్యాక, ఆఖర్న తవుడిచ్చి కొన్నాది కూడా."

యేసురత్నం జేబులోంచి మూట తీశాడు. "మరి నన్నెవరి దగ్గర కొన్నాది?"

ఆమె మూట చూసి, అతన్ని చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"పిచ్చోడా! బిడ్డను కొన్నోళ్ళ కాడ తవుడు యాడుంటాది? అమ్మినోళ్ళ కాడ ఉంటాది." లేచి దూలం సందులోంచి పొగచూరిన ఇంకో మూట దించింది. "ఇదీ మావోని తవుడు. మీయమ్మ ఇచ్చింది. నీ చేతిలోది నేనిచ్చింది."

"నువ్వా?"

"నిన్ను కొన్నాది నేను. నీకన్నా ముందర ఇద్దరు పోయినారు మీయమ్మకు. నీకు చెప్పలేదా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"ఎట్ల చెప్తాది? ఊరందర్నీ తిట్టినాది ఇట్లాంటి పనులు చేస్తారని. నువ్వు పుట్టిన తొమ్మిదో దినం బండి దిగి ఎండలో నడుసుకుంటా వచ్చె, నిన్ను చేటలో పెట్టుకోని. 'లక్ష్మక్కా, ఎవరికీ చెప్పాకు, కొనుక్కో' అన్నాది."

యేసురత్నం గోడకు ఆనుకున్నాడు. తను అమ్మ కడుపున పుట్టినవాడే. గుండె మీద బరువు దిగాలి గదా? దిగలేదు. పురిటి మంచాల పక్కన ఎవరికీ బెదరని అమ్మ ఒకవైపు, చేట మోసుకుంటూ ఎండలో నడిచిన అమ్మ ఇంకోవైపు. ఇద్దరూ ఒక మనిషిలా కనబడటం లేదు.

"మళ్ళా ఎనక్కి తీసుకోలేదా నన్ను?"

"పెండ్లినాడు తవుడు తిరిగి పోసి తీసుకోవాల. నీ పెండ్లప్పుడు అడిగితే, 'ఉండనీ అక్కా, నాకింకా భయమే' అనె."

"అయితే ఇప్పుడు నేనెవరి కొడుకును?"

"నాకేం తెల్సు నాయనా? ముడి కట్టింది ఆమె. విప్పకుండా పాయె."

అప్పుడే మద్దిలేటి ఎద్దులను తోలుకుంటూ చేనినుంచి వచ్చాడు. అతన్ని చూసి వాకిట్లోనే ఆగిపోయాడు.

యేసురత్నం లేచాడు. "ఎద్దుల్ని కట్టేసి రా అన్నా. బస్సు టైమైతాంది. నువ్వేయాల్సిన మన్ను ఉండాది."

"మళ్ళా తోస్తావా?"

"తొయ్యను."

నంద్యాల దాకా ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. మూట యేసురత్నం ఒళ్ళో ఉంది. దాన్ని విప్పాలో, అమ్మతోపాటు పూడ్చాలో, పెద్దమ్మకే తిరిగి ఇవ్వాలో అతనికి తోచలేదు. బస్సు కుదుపుకు ముడి వదులైనట్టు అనిపించి, రెండు కొసలూ పట్టి గట్టిగా బిగించాడు.