బుడ్డ జీపు ఇరుసు

పిప్లగూడ వాగు దాటి ఒడ్డెక్కుతుండగా ముందు ఎడమ చక్రం దగ్గర టప్పుమని చప్పుడైంది. సిద్దిరాములు బ్రేకు తొక్కాడు. వెనక బల్ల మీద గంగుబాయి పడుకుని ఉంది. ఆమెకు నొప్పులు మొదలై అప్పటికి ఐదు గంటలు. ఆమె తల ఒళ్లో పెట్టుకున్న నర్సు అనసూర్య, "ఏమైంది రాములన్నా?" అంది.

"గదే జాయింటు, సిస్టర్. గీ యేడు మూడోసారి."

దిగి బండి కిందికి దూరి చూశాడు. చక్రాన్ని తిప్పే జాయింటు మీది రబ్బరు తొడుగు ముళ్లకు చినిగింది. గ్రీజు కారిపోయి, ఇసుక చేరి, లోపలి గుండ్లు పగిలాయి. ముందు చక్రాలు లాగకుండా బండి ఆ ఒడ్డు ఎక్కదు. ఊళ్లోంచి నలుగురు మంచం తెచ్చి గంగుబాయిని రెండు మైళ్లు మోశారు. రోడ్డు మీద లారీ దొరికింది. తల్లీ బిడ్డా బతికారు. లారీ దొరకకపోతే ఏమయ్యేదని అనసూర్య అడగలేదు. సిద్దిరాములు మాత్రం తనను తాను వారం రోజులు అడుక్కున్నాడు.

ఇది తొంభై రెండు జూలైలో జరిగింది. ఆ బండి ఇచ్చోడలోని ఆరోగ్య సంఘానికి పై దేశం వాళ్లు ఇచ్చిన విరాళం. జీపు కంటే చిన్నది కాబట్టి జనం బుడ్డ జీపు అన్నారు. గుట్టల మీది పదకొండు గూడేలకు అదొక్కటే బండి. ఆరేళ్లుగా సిద్దిరాములే నడుపుతున్నాడు. దాని ముందు చక్రాలు దేనికవే విడిగా లేచి దిగుతాయి. ఒకటి గుంతలో పడితే రెండోదానికి తెలియదు. లోపల కూర్చున్నవాళ్లకు కుదుపు తక్కువ. కానీ జాయింటు పోతే కొత్తది సముద్రం దాటి రావాలి. మూడు నెలలు.

"ముందటిదంత పీకి జీపు హౌసింగ్ ఎయ్యిరా" అన్నాడు ముత్యం. రెండు చక్రాలనూ కలుపుతూ అడ్డంగా ఉండే ఒకే ఇరుసును మెకానిక్కులు హౌసింగ్ అంటారు. "రాయి తాకితే రాయే పలుగుతది. చెడితే ఏ ఊర్లనన్న బాగైతది. నీ బుడ్డదానికి సుకుమారం ఎక్కువ."

ముత్యం బండ్లు బాగుచేసే షెడ్డు ఇచ్చోడలో హైవే పక్కన ఉంది. అతనిదీ సిద్దిరాములుదీ సిరిసిల్లలో ఒకే వాడ. డెబ్బై నాలుగులో మగ్గాలు వదిలి ఇద్దరూ ఒకే బస్సెక్కారు. పెళ్లయ్యేదాకా మూడేళ్లు ముత్యం సిద్దిరాములు ఇంట్లోనే తిన్నాడు. ఇప్పటికీ సిద్దిరాములు భార్య దేవవ్వ చేసిన పచ్చిపులుసు కోసం వస్తాడు.

సంఘం కార్యదర్శి బాలకిషన్‌రావు ఆదిలాబాద్‌లో ఉంటాడు. ఇరుసు సంగతి చెప్తే ఆయన కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

"నడిపేటోనివి నువ్వు. మార్చాలంటే మారుస్తం, వద్దంటే వద్దు. నువ్వే ఆలోచించి చెప్పు."

పద్దెనిమిదేళ్ల డ్రైవరీలో సిద్దిరాములును ఎవరూ అలా అడగలేదు. ఇంటికొచ్చి ఆ మాట దేవవ్వకు రెండుసార్లు చెప్పాడు.

ఆలోచన తెగలేదు. హౌసింగ్ వేస్తే బండి వాగులో ఆగదు. కానీ ఒక చక్రం రాయెక్కితే రెండోదీ వంగుతుంది, బండంతా ఊగుతుంది. బండిలో పోయేది నిండు చూలాళ్లు. ముత్యం పాత జాయింటు ఒకటి సర్దిపెట్టి బుడ్డ జీపును తాత్కాలికంగా నడిచేట్టు చేశాడు. షెడ్డులో ఉన్న, హౌసింగ్ ఇరుసు మామూలు జీపును కూడా ఒక పూట ఇచ్చాడు, తానూ వెంట వచ్చాడు. సిద్దిరాములు బకెట్టు నిండా నీళ్లు పోసి వెనక బల్లకు కట్టాడు. రెండు బండ్లనూ పిప్లగూడ బాటలో నాలుగు మైళ్లు ఒకే వేగంతో నడపాలనుకున్నాడు.

"నన్ను కూసోబెట్టుకోక బకెట్టెందుకన్నా?" అంది అనసూర్య.

"నువ్వు నిజం చెప్పవు సిస్టర్. జర నొచ్చినా మంచిగనే ఉందంటవు. నీళ్లయితే మొహమాటపడయి."

ముత్యం పగలబడి నవ్వాడు. "పీహెచ్‌డీ చేస్తుండు మావోడు!"

బుడ్డ జీపులో నీళ్లు నాలుగు వేళ్లు తగ్గాయి. జీపులో సగం బకెట్టు ఖాళీ అయింది. సిద్దిరాములు జీపు ముందు కమాన్‌కట్టలు విప్పించాడు. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు తొమ్మిదేసి ఉన్నాయి. పట్టీలు ఎక్కువైతే బండి బరువు మోస్తుంది, తక్కువైతే కుదుపు తగ్గుతుంది. చెరి రెండు తీయించి మళ్లీ నడిపాడు. ఈసారి ఆరు వేళ్లు తగ్గాయి.

"ఇంక మనిషిని కూసోబెట్టి చూడు" అని అనసూర్య ఎక్కింది. పోయి వచ్చి నడుం మీద చెయ్యి వేసుకుని, "ఓర్చుకోవచ్చు. మంచం మీద మోసుకొచ్చేదానికన్న నయమే" అంది.

అలా తేలింది. హౌసింగ్ వేయాలి, పట్టీలు ఏడే ఉండాలి.

ఆ మాట రాసి పంపమన్నాడు బాలకిషన్‌రావు. సిద్దిరాములుకు చదవడం వచ్చు, రాయాలంటే చెయ్యి సాగదు. ముత్యం కాగితం అందుకుని రాశాడు. "ఈ బండి ముందు ఇరుసు మా బాటలకు పనికిరాదు. జీపు ఇరుసు వేస్తే తప్ప బండి నడవదు." సిద్దిరాములు చదివాడు. అందులో అబద్ధం లేదు.

"పట్టీల సంగతి రాయలే?"

"గాళ్లకు పట్టీలేం తెలుస్తయిరా? చేసేటోని నేను ఉన్న గద."

సిద్దిరాములు సంతకం చేశాడు. మర్నాడు బండిని తానే నడిపి షెడ్డులో పెట్టాడు.

ఆగస్టు గడిచింది. హౌసింగ్ నాగపూర్ నుంచి రావాలన్నాడు ముత్యం. వచ్చింది, కానీ జీపుది వెడల్పు, కోసి తగ్గించాలన్నాడు. తర్వాత కోసేవాడు ఊరెళ్లాడన్నాడు. అనసూర్య మందుల పెట్టె మోసుకుని గూడేలకు నడిచి పోతోంది. సిద్దిరాములు షెడ్డుకు పోయినప్పుడల్లా ముత్యం చాయ్ తెప్పించేవాడు. బండి మీద పరదా కప్పి ఉండేది. "ఫికర్ చెయ్యకురా, దసరాకు నీ చేతుల పెడ్త" అన్నాడు.

సెప్టెంబరు ఇరవై నాలుగున సిద్దిరాములు ఆదిలాబాద్ పోయాడు. ఇంకొకరి దగ్గర పని చేయిద్దామా అని అడగాలనుకున్నాడు. ఈసారి బాలకిషన్‌రావు కూర్చోమనలేదు.

"ఏ బండి? గది అమ్మేసినం గద."

"అమ్ముడేంది సార్?"

"నువ్వే రాసిచ్చినవ్, నడువదని." కాగితం తీసి చదివాడు. మొదటి వాక్యం పూర్తిగా చదివాడు. రెండోదానిలో చివరి రెండు మాటలే చదివాడు. "బండి నడవదు. కింద నీ సంతకమే. కమిటీల పెట్టినం, ఒప్పుకున్నరు. గుట్టల మీదికి పోవుడు కూడ బంద్ పెట్టినం. ఇంకనుంచి వాళ్లే ఇచ్చోడకు వస్తరు."

"నొప్పులు పడుకుంట ఎట్లొస్తరు సార్?"

"గదంత కమిటీ చూసుకుంటది. నీకు నెలాఖరు దాకా జీతం వస్తది."

సిద్దిరాములు తలుపు దాకా పోయి వెనక్కి తిరిగాడు. "ఎవరు కొన్నరు సార్?"

బాలకిషన్‌రావు అతని వైపు చూశాడు. "నీకు చెప్పలేదా? మీ ముత్యమే. వాగు కాడ బండి ఆగిన వారమే వచ్చి అడిగిండు. డ్రైవర్ తోటి రాయించుకొస్తే ఇస్తనన్న."

బస్సులో ఇచ్చోడ దాకా సిద్దిరాములు దినాలు లెక్క కట్టుకున్నాడు. వాగు దగ్గర ఆగిన వారమంటే బకెట్టు కంటే ముందు. నీళ్లు పోసినప్పుడు ముత్యానికి అంతా తెలుసు. పట్టీలు విప్పినప్పుడూ తెలుసు. తెలిసే పగలబడి నవ్వాడు.

షెడ్డులో పరదా తీసి ఉంది. బండికి నీలం రంగు వేశారు. వెనక మనుషులు ఎదురెదురుగా కూర్చునేట్టు రెండు బల్లలు, పైన సామాను కట్టే ఇనుప చట్రం అమర్చారు. ముందు జీపు హౌసింగ్ ఉంది. సిద్దిరాములు వంగి పట్టీలు లెక్కపెట్టాడు. పదకొండు.

ముత్యం చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. సిద్దిరాములు మొహం చూసి, "పోయొచ్చినవా ఆదిలాబాద్?" అన్నాడు.

"పోయొచ్చిన."

"చెప్పకుండ చేసిన, తప్పే. చెప్తే నువ్వు సంతకం పెట్టేటోనివా?" ముత్యం స్టూలు జరిపాడు. సిద్దిరాములు కూర్చోలేదు. "చూడు, నేను తీసుకోకపోతే ఇంకెవడో తీసుకునేటోడు. ఎన్ని దినాలు ఇంకోళ్ల బండ్ల కింద పండాలె నేను? ఇచ్చోడ, ఉట్నూరు నడుమ మస్తు గిరాకీ ఉన్నది. నువ్వే నడుపు. నీకోసమని వేరే డ్రైవర్‌ను మాట్లాడలే."

"పిప్లగూడకు పోతదా?"

"గా బాటకు ఎవడు పోతడురా? ఎవలెక్కుతరక్కడ?"

సిద్దిరాములు బండి కిందికి దూరాడు. అతుకులు సాఫుగా ఉన్నాయి. ముత్యం పనికి వంక పెట్టడానికి లేదు, ఒక్కచోట తప్ప. కొత్త ఇరుసుతో బండి ఎత్తు పెరిగింది. స్టీరింగు నుంచి చక్రానికి పోయే రాడ్డు పైనుంచి కిందికి ఏటవాలుగా దిగింది. అది ఇంచుమించు అడ్డంగా ఉండాలి. లేకపోతే చక్రం లేచి దిగినప్పుడల్లా స్టీరింగు దానంతటదే పక్కకు లాగుతుంది. ఖాళీ బండితో షెడ్డు చుట్టూ తిప్పితే అది తెలియదు. పన్నెండు మందిని ఎక్కించుకుని ఘాట్ రోడ్డు దిగేటప్పుడు తెలుస్తుంది.

అతను కాసేపు అక్కడే వెల్లకిలా పడుకుని ఉన్నాడు. బయట ముత్యం చెప్పుల కాళ్లు కనిపిస్తున్నాయి.

"ఏందిరా, అండ్లనే పన్నవా?" అన్నాడు ముత్యం. "పొద్దటిసంది తిన్నవో లేవో. ఇంటికి పోదాం పా. వదినెకు నేనే చెప్త."

సిద్దిరాములు బయటికి వచ్చి లేచి నిలబడ్డాడు.

"ముత్యం గారూ, మీ స్టీరింగు రాడ్డు బాగ వాలింది. గుంతల పడితే బండి గుంజుతది. మనుషులను ఎక్కిచ్చేముందు సరి చేయించుకోండ్రి."

ముత్యం నవ్వబోయాడు. "గారేందిరా? నన్ను పట్టుకొని మీరంటవేంది?"

"ఎక్కేటోళ్లు మీకు ఏం చెయ్యలే. గందుకే చెప్పిన."

"రాములూ, గిట్ల మాట్లాడకురా. తిట్టు. కొట్టు కావాల్నంటే."

సిద్దిరాములు చొక్కాకంటిన మట్టి దులుపుకున్నాడు. "మా ఇంటికి రాకండ్రి. దేవవ్వకు నేనే చెప్పుకుంట" అని రోడ్డెక్కాడు. ఆరోగ్య కేంద్రం అక్కడికి అర మైలు. అనసూర్య గూడేల నుంచి వచ్చి ఉంటుంది. బండి దసరాకు వస్తుందని ఆమెకు చెప్పింది అతనే.