గోడవతల నిద్ర

ఈ మంగళవారం ఉపవాస ప్రార్థన మా ఇంట్లో. ఎన్నాళ్లకో వచ్చిన వంతు. తెల్లవారకముందే లేచి ఇల్లు కడిగాను, మా ఆయనకు ఒళ్లు తుడిచాను, ప్రార్థన అయ్యాక అందరికీ పెట్టడానికి అన్నం వార్చాను. నడుము విరిగిపోతోంది. పరిశుద్ధులకు నడుములుండవా అని ఎవరినైనా అడగాలనిపిస్తుంది.

మా ఆయన రాజలింగు మందమర్రి బొగ్గుబాయిలో కార్మికుడు. మొన్న వేసవిలో మా క్వార్టర్ల లైను మూలన ఎవరిదో ఫంక్షన్, పొద్దంతా మైకు. నైట్ షిఫ్ట్ చేసొచ్చిన మనిషికి కన్ను మూతపడలేదు. ఆ రాత్రి బాయిలో కునుకు పట్టి పడ్డాడు, వెన్ను దెబ్బతింది. అప్పట్నుంచి మంచమే. ఆ మైకువాళ్లను నేను తిట్టని రోజు లేదు. పగలు తిట్టడం, సాయంత్రం మోకాళ్ల మీద క్షమించమని దేవుణ్ని అడగడం, పొద్దున్నే మళ్లీ తిట్టడం. నా భక్తి అంత మాత్రమే.

మా సంఘం ఆడవాళ్లు గొంతెత్తి ప్రార్థిస్తే మంచాన పడ్డవాళ్లు లేచారని చెప్పుకుంటారు. నాకు మిగిలింది ఆ ఒక్క ఆశే. ఇవాళ ఇంటి రేకులు లేచిపోయేలా ప్రార్థించాలి, ఆయన నడవాలి.

పాస్టరమ్మ చంద్రవ్వ కంజీర పట్టుకుని వచ్చింది, వెనకే మిగతావాళ్లు. చాప మీద కూర్చున్నారో లేదో, పక్క క్వార్టర్ అబ్బాస్ భార్య ఉమ్రావ్ బేగం వెనక తలుపు దగ్గర నిలబడింది. మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ.

"జ్యోతీ, జర మెల్లగ కానియ్యుండ్రి. మా ఆయన నైట్ షిఫ్ట్ చేసొచ్చి ఇప్పుడే పండుకున్నడు. నిన్న గూడ నిద్ర లేదు. మళ్ల రాత్రికి డ్యూటీ ఉంది."

నాకు ఒళ్లు మండింది. "ఇయ్యాల్నే చెప్పాల్నా ఆపా? వారం వారం నా ఇంట్ల పెట్టుకుంటున్ననా? నా బాధ నీకేం ఎరుక?"

ఆమె "సరే, ఫికర్ చెయ్యకు" అని కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. నాలుగు తిట్టిపోయినా బాగుండేది.

చంద్రవ్వ కంజీర ఎత్తింది. అంతలో మంచం మీంచి మా ఆయన పిలిచాడు.

"అబ్బాసన్న నిన్న గూడ పండుకోలేదా?"

"అయితే ఏం చెయ్యమంటవ్? నీ కోసమే గదయ్యా గిదంతా!"

ఆయన గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. నిద్ర లేక బాయిలో పడ్డ మనిషి చూపు అది. మైకు పెట్టినవాళ్లు మాత్రం మమ్మల్ని ముంచుదామని పెట్టారా? వాళ్లింట్లో శుభకార్యం, అంతే. ఇప్పుడు ఆ మైకు నా ఇంట్లో ఉంది.

పోయి చంద్రవ్వ చేతిలోని కంజీర పట్టుకున్నాను. "వద్దక్కా. చప్పట్లు గూడ వద్దు. గుసగుసగ చేద్దాం."

"గదేం మాటనే? రాక రాక వంతు వచ్చింది. గట్టిగ పిలిస్తెనే గద దేవుడు వినేది!"

"దేవునికి చెవుడు లేదక్కా. నిద్ర లేంది అబ్బాసన్నకు."

ఎవరో కిసుక్కున నవ్వారు, ఎవరో మూతి ముడిచారు. చంద్రవ్వ కంజీరను ఒళ్లో బోర్లించుకుంది. పెదాలు మాత్రమే కదుపుతూ ప్రార్థించాం. నాకైతే అరవాలని ఉంది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. ప్రభువా, నా మొగుణ్ని బాగుచెయ్యి అని అడగబోతే, అవతలాయన నిద్ర చెడనీయకు అనే మాటే ముందొస్తోంది. కాసేపటికి గోడవతల గురక మొదలైంది.

ఆ రాత్రి డ్యూటీకి పోతూ అబ్బాస్ టిఫిన్ డబ్బాతో మా గుమ్మంలో ఆగాడు. "రాజలింగూ, ఇయ్యాల మస్తు నిద్ర పట్టింది."

"పైలంగ పోయి రా అన్నా" అన్నాడు మా ఆయన.

తెల్లారి మళ్లీ ఆయనకు ఒళ్లు తుడుస్తున్నాను. ఆయన లేవలేదు. నా నడుము నొప్పీ పోలేదు. ఇన్ని మొక్కినా ఇంతేనా అని లోపల గొణుగుతూనే ఉన్నాను. బయట డ్యూటీ నుంచి అబ్బాస్ బండి వచ్చి ఆగింది. మా ఆయన తడిగుడ్డతో సహా నా చెయ్యి పట్టుకున్నాడు.

"వచ్చిండే" అన్నాడు.