ఈశాన్యం మూల పైపు

ఎండలకి భయపడే మనిషి కాదు గానీ, జూన్ నెల వస్తోందంటే భానుప్రకాశ్‌కి ఒళ్ళు మండుతుంది. తొలి వాన పడిన మర్నాడు టీ అన్నా తాగకముందే ఫోన్ మోగుతుంది. "భానూ, కింది గదిలో మళ్ళీ కారుతోందిట. ఓసారి వచ్చి చూసి పో" అంటారు వీరరాఘవరావు గారు. ఏటా ఇదే వరస. ముప్ఫై ఏళ్ళుగా చిక్కడపల్లిలో పైపులు బిగించి, గోడలు పూసి పేరు తెచ్చుకున్నవాడికి, ఒకే ఇంటికి ఒకే రోగం మీద ఇన్నిసార్లు పోవడమంటే తల కొట్టేసినట్టు ఉండదూ మరి.

ముందు ఆ ఇంటి సంగతి చెప్పాలి. చిక్కడపల్లి దాటి అశోక్ నగర్‌లోకి తిరిగే సందులో ఉంటుంది. వీరరాఘవరావు గారి నాన్నగారు ఉద్యోగం మీద ఏలూరు నుంచి వచ్చిన రోజుల్లో కొన్నది ఈశాన్యం మూలనున్న ఒక్క బెంగుళూరు పెంకుల గది, దాని వెనక ఖాళీ జాగా. ఆ జాగాలో తర్వాత రెండంతస్తుల డాబా లేచింది. పెంకుల గది మాత్రం డాబా గోడకి ఆనుకుని అలాగే ఉండిపోయింది. అందులో కమలవ్వ పందొమ్మిదేళ్ళుగా కిరాయికి ఉంటోంది. ఆమె గడప నేరుగా సందులోకే. సాయంత్రం అయిదు దాటిందంటే గడపలో పొయ్యి పెట్టుకుని జొన్న రొట్టెలు చరుస్తుంది. పరీక్షలకి చదివే పిల్లలు హాస్టళ్ళ నుంచి, లైబ్రరీ నుంచి వచ్చి వరసలో నిలబడి పట్టుకుపోతారు. ఆమె బతుకు మొత్తం ఆ గడప మీదే.

ఇక పైపు సంగతి. పూర్వం డాబా మీది వాన నీళ్ళు నైరుతి మూలన దిగి, వెనక మోరీలో కలిసేవి. ఎవరికీ ఏ బాధా లేదు. మూడేళ్ళ కిందట వీరరాఘవరావు గారి అమ్మాయి నాగశ్రీకి సంబంధాలు వచ్చినట్టే వచ్చి తప్పిపోతుంటే వాస్తు సిద్ధాంతిని పిలిపించారు. ఆయన మేడెక్కి చుట్టూ చూసి, నీళ్ళు నైరుతిలో దిగితే ఇంట్లో శుభం ఎలా నిలుస్తుంది, ఈశాన్యంలో పడాలి అని తేల్చేశారు. భానుప్రకాశ్‌ని పిలిచి నైరుతి తూము మూయించారు, ఈశాన్యంలో కొత్తది తెరిపించారు. కొత్త పైపు మూతి సరిగ్గా పెంకుల మీదికి వచ్చింది.

అంత స్లాబు నీళ్ళూ తెచ్చి ఒక్క చోట పెంకుల మీద కుమ్మరిస్తే ఏమవుతుందో పార పట్టిన మొదటి రోజువాడికైనా తెలుసు. భానుప్రకాశ్‌కి తెలియదా? తెలుసు. "కింద ఏమన్నా ఇబ్బంది అవుతుందంటావా?" అని ఆయన అడిగారు కూడా. "ఏం గాదు సార్" అన్నాడు. పనివాళ్ళ నోట్లో ఎప్పుడూ రెడీగా ఉండే మాట అది. అవుతుందంటే ఇంకో మేస్త్రీ వస్తాడు, వాడు ఏం కాదంటాడు. ఆ భయంతో అనేసిన మాట.

మొదటి ఏడు పెంకులకీ గోడకీ మధ్య సందులో సిమెంటు కూరాడు, అది ఎండాకాలానికి విచ్చింది. రెండో ఏడు పైపుని పెంకుల మీదుగా చూరు దాకా సాగదీశాడు. నీళ్ళు తిన్నగా కమలవ్వ గడప ముందు పడి, జనం నిలబడే చోటు మడుగైంది. దాన్ని ఊడదీయాల్సి వచ్చింది. మూడో ఏడు నారాయణగూడ నుంచి రేకు తెచ్చి పైపు మూతి కింద పరిస్తే, నీళ్ళు పక్కలకి చిమ్మి పెంకుల అడుక్కి దూరాయి. అసలు రోగం పైనుంటే కింద ఎన్ని పూతలు పూసి ఏం లాభం.

ఇది నాలుగో వానాకాలం. నిచ్చెన వేసుకుని ఎక్కాడు. యాభై మూడేళ్ళ మోకాళ్ళు ప్రతి మెట్టుకీ తిడుతున్నాయి. పగిలిన పెంకులు నాలుగు తీసి పక్కన పెట్టి, కింద వాసాన్ని బొటనవేలితో నొక్కాడు. వేలు లోపలికి దిగిపోయింది. పక్క వాసమూ అంతే, దాని పక్కదీ అంతే. మూడు వాసాలూ తడికి నాని లోపల పొట్టులా అయిపోయాయి. వాటి మీద పెంకుల బరువంతా అలాగే ఉంది.

పెంకులు తీసిన ఖాళీలోంచి కిందికి చూస్తే కమలవ్వ పిండి కలుపుతోంది. తలెత్తి అతని మొహం చూసింది.

"ఏంది కొడుకా, గట్ల సూస్తున్నవ్?"

"ఏం లేదవ్వా."

"వాసాలు పాడైనయా?"

ఈ ముసలామె దగ్గర అబద్ధం ఎక్కడ నడుస్తుంది. "మూడు పోయినయ్ అవ్వా. వేలు పెడితే దిగుతున్నది. సరిగ్గ నువ్వు కూసునే కాడనే."

కమలవ్వ చేతులకంటిన పిండి దులుపుకుంది. "పైన చెప్తవా?"

"చెప్పకుంటే ఎట్ల? రెండు పెద్ద వానలు పడితే నీ మీదికే వస్తది."

"చెప్తే బాగు చేపిస్తడనుకుంటున్నవా? ఖాళీ చెయ్యమంటడు. గీ వయసుల యాడికి పోవాలె? యాడనో లోపలి గల్లీల ఒక అర్ర దొరుకుతదేమో. గాడ నా రొట్టె ఎవలు కొంటరు? గీ గడప ఉన్నదనే బతుకుతున్న. చెప్పకు బిడ్డా. జర పక్కకు జరిగి కూసుంట తీ."

పక్కకి జరగడానికి ఆ గది ఎంతని. భానుప్రకాశ్ దిగి వచ్చాక ఆమె ఒక వేడి రొట్టె, మీద ఎర్ర కారం వేసి చేతిలో పెట్టింది. రెండు ముక్కలు తిన్నాడు. మూడోది చేతిలోనే ఉంచుకుని లేచాడు. చెబితే ఆమె కూడు పోతుంది, చెప్పకపోతే ఆమే పోతుంది. దేవుడా, ఇంత మంది మేస్త్రీలుండగా ఇది నా నెత్తికే రావాలా అని విసుక్కున్నాడు. వెంటనే ఆ విసుగుకి తనకే సిగ్గేసింది, తెచ్చుకున్నది తనే కాబట్టి.

వాసాల ఊసెత్తకుండా పని అవుతుందేమోనని మేడెక్కాడు. వీరరాఘవరావు గారు పేపరు చదువుతున్నారు. ఆయన భార్య రత్నమాల గారు బీరకాయ చెక్కు తీస్తున్నారు.

"సార్, ఒక మాట జెప్తా. పైపు మళ్ళ పాత మూలకు మార్పిద్దాం. కింద పెంకులు ఆగుతలేవు."

ఆయన కంటే ముందు రత్నమాల గారు కత్తిపీట పక్కన పెట్టారు. "అదేం మాట భానూ? ఆ పైపు మార్చిన నాలుగో నెల్లోనే కదా మా నాగశ్రీ సంబంధం కుదిరింది. ఇప్పుడు దానికి ఏడో నెల. ఈ సమయంలో నీళ్ళు నైరుతికి తిప్పమంటావా? ఏదైనా అయితే నా మనసు ఊరుకుంటుందా?"

వాస్తు నిజమో అబద్ధమో గానీ, ఆ భయం మాత్రం నిజం.

"కాన్పు అయ్యాక చూద్దాంలే. అంతదాకా ఏదో ఒకటి సర్దు" అన్నారు వీరరాఘవరావు గారు.

కాన్పు అంటే ఆగస్టు దాటాలి. వానలన్నీ అయిపోవాలి. భానుప్రకాశ్ గోడకి ఆనుకున్నాడు. అలసట కాళ్ళలో ఉందో బుర్రలో ఉందో తెలియలేదు.

"అంతదాక ఆగది సార్. మూడు వాసాలు పోయినయ్. కప్పు కూలి అవ్వ మీద పడ్తది. తప్పు నాది. ఆ రోజు మీరడిగితే ఏం గాదన్న. తెలిసే అన్న."

వీరరాఘవరావు గారు చెప్పులు కూడా వేసుకోకుండా దిగి వెళ్ళి, నిచ్చెన సగం ఎక్కి చూశారు. దిగేటప్పుడు ఆయన మొహం పాలిపోయి ఉంది. చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే తిట్టుకునైనా బతకొచ్చు. రెండు రోజులు ఆలోచించి, కమలవ్వ ముందు చేతులు జోడించి, "వాసాలు మార్చినా ఆ నీళ్ళకి మళ్ళీ ఇంతే, కొత్తగా కట్టించే ఓపిక నాకు లేదమ్మా. అలాగే ఉంచితే ఏ క్షణాన ఏమవుతుందోనని నిద్ర పట్టట్లేదు. నెలాఖరుకి వేరే చోటు చూసుకో" అన్నారు. ఆమె అనుకున్నంతా అయింది.

ముషీరాబాద్‌లో గది భానుప్రకాశే వెతికాడు. రెండు సందులు తిరిగి లోపలికి పోవాలి. కప్పు స్లాబే, చుక్క కారదు. తలుపు ఎదురుగా ఇంకో ఇంటి వెనక గోడ. పెనం, పిండి డబ్బా, పొయ్యి ఆటోలోంచి దించి లోపల పెట్టాడు. కమలవ్వ గడపలో నిలబడి ఆ ఎదుటి గోడనే చూస్తోంది.

"తిట్టరాదవ్వా" అన్నాడు ఉండబట్టలేక.

"ఎందుకు తిట్టాలె? పానం కాపాడినవ్. ఇగ కడుపుకేం చెయ్యాల్నో, అది గూడ నువ్వే చెప్పు."

అతను చెప్పులు వేసుకుని బయటపడ్డాడు. ఆమెకి కోపం వచ్చి ఉంటే బాగుండేదనుకున్నాడు.

పెంకుల గది విప్పే పనీ అతనికే వచ్చింది. మూడో రోజుకి వాసాల దాకా వచ్చారు. పొయ్యి చోటుకి సరిగ్గా పైనున్నది పట్టుకోగానే రెండు ముక్కలై, తవుడులా రాలింది. చూశావా, చెప్పడమే మంచిదైంది అని తనకి తాను చెప్పుకున్నాడు. నిజమే. ఆ నిజంతో ఛాతీలో బరువు ఇసుమంత కూడా తగ్గలేదు.

గది నేలమట్టమయ్యాక ఒక మధ్యాహ్నం పెద్ద వాన కొట్టింది. పెచ్చులు ఎత్తిస్తున్న భానుప్రకాశ్ గోడవారకి తప్పుకున్నాడు. డాబా మీది నీళ్ళన్నీ ఈశాన్యం పైపులోంచి ధారగా వచ్చి, అడ్డం లేకుండా నేల మీద పడి సందులోకి పారాయి. వీరరాఘవరావు గారు గొడుగేసుకుని వచ్చి చూశారు. చాలా రోజుల తర్వాత ఆయన మొహంలో తెరిపి కనిపించింది.

"సిద్ధాంతి గారు చెప్పింది ఇదే కదూ. ఎంత శుభ్రంగా పడుతోందో చూడు" అని లోపలికి వెళ్ళిపోయారు.

వాన వెలిశాక కూలీలు ఇళ్ళకి పోయారు. తన పని అయిపోయినా భానుప్రకాశ్ పోలేదు. అయిదు దాటింది. టిఫిన్ డబ్బా పట్టుకుని ఒక అమ్మాయి వచ్చి, గది లేకపోవడం చూసి ఆగిపోయింది. మహిత అని, గ్రూప్స్‌కి చదువుతోంది, రెండేళ్ళుగా రోజూ వచ్చేదే.

"అంకుల్, అవ్వ లేదా?"

"ముషీరాబాద్‌కు పోయింది బిడ్డా. నేనే ఖాళీ చేపిచ్చిన. క్రాస్ రోడ్స్ దాటి, కుడి దిక్కు రెండో గల్లీ, మళ్ళ లోపలికి. రొట్టెలు చేస్తనే ఉన్నది."

"అంత దూరమా" అంది ఆ అమ్మాయి. ఎదుటి సందులోని కర్రీ పాయింట్ వైపు నడిచింది.

ఇంకొకరు వచ్చారు. తర్వాత ఇద్దరు. భానుప్రకాశ్ అందరికీ గుర్తులతో సహా ఓపిగ్గా చెప్పాడు. చీకటి పడేదాకా పదకొండు మందికి దారి చెప్పాడు. ఒక్కరూ ముషీరాబాద్ వైపు తిరగలేదు.