పోయిన రెండు గంటలు

"ఈసారి విమానంలో వస్తున్నానత్తయ్యా" అని దెవొలిందా లక్సెంబర్గ్ నుంచి ఫోను చేస్తే, పోర్చుగల్‌లోని గ్రాసియోజా గారికి అది "అవమానంలో వస్తున్నా"నని వినిపించింది. "మావాడు ఏమన్నాడే నిన్ను?" అని ఆవిడ కంగారుపడింది. ఇరవై రెండేళ్ళలో అత్తగారి చెవులు ఇవాళే సరిగ్గా పనిచేశాయనుకుని దెవొలిందా నవ్వుకుంది.

ఏటా ఆగస్టులో లక్సెంబర్గ్‌లో పనిచేసే పోర్చుగీసు వాళ్ళందరిలాగే వాళ్ళూ కారులోనే ఊరికొచ్చేవారు. రోడ్డు మీద పంతొమ్మిది వందల కిలోమీటర్లు. మొగుడు అర్మిందో కారు నడిపేవాడు, ఆమె అర్మిందోని నడిపేది. ఉప్పు చేప వడలు వేయించి మూటగట్టడం, నారింజ ఒలిచి నోటికందించడం, అతను నిద్రపోకుండా కబుర్లు చెప్పడం. దానికి మీటరు ఉండదు. దిగగానే అందరూ "పాపం అర్మిందో, ఎంత దూరం నడిపాడో" అని అతనికి పక్క వేసేవారు. ఏడాదిగా మూసి ఉన్న వాళ్ళ సొంత ఇంటి దుమ్ము మాత్రం ఆమె కోసమే కాచుకుని ఉండేది. లక్సెంబర్గ్‌లో ఆఫీసులు తుడిచే మనిషికి సెలవంటే ఇల్లు తుడవడమే.

దానికితోడు అతని చేతి గడియారం. పోర్చుగల్‌లో టైము ఒక గంట వెనక. అర్మిందో ముల్లు తిప్పడు. "నేను లక్సెంబర్గ్ మనిషిని, నా టైము నాదే" అంటాడు. అతనికి ఆ టైముకి వడ్డించాలి. అత్తగారికి గోడ గడియారం ప్రకారం ఇంకో గంటకి మళ్ళీ వేడివేడిగా వండాలి.

ఈ ఏడు నడుం పట్టేసి ఆమె రానూపోనూ విమానం టికెట్టు కొనుక్కుంది. కారులో ముందే చేరిన అర్మిందో, ఆమె వచ్చిన మర్నాడు ఆ కాగితం బల్ల మీద పరిచాడు.

"వచ్చేటప్పుడు గంటన్నర. వెళ్ళేటప్పుడు మూడున్నర. ఊరేమైనా జరిగిందా? మిగతా రెండు గంటలు ఎక్కడ దిగుతున్నావే?"

"వదినకి మబ్బుల్లో చుట్టాలున్నారేమో" అంది ఆడపడుచు ఒదెత్. అత్తగారు నవ్వలేదు. ఆ తిరుగు టికెట్టు చించేసి మొగుడి పక్కన కారులోనే వెళ్ళమంది.

కారు ముందు సీటు, ఒళ్ళో నారింజ తొక్కలు దెవొలిందా కళ్ళముందు మెదిలాయి. ఆ కాగితం తీసి ఏప్రను జేబులో పెట్టుకుంది. అర్మిందో మణికట్టు పట్టుకుని గోడ గడియారం వైపు ఎత్తింది. అతనిది ఒంటిగంట, గోడది పన్నెండు.

"గాలిలో లక్సెంబర్గ్ నుంచి పోర్టో విమానాశ్రయానికి పధ్నాలుగు వందల ఎనభై కిలోమీటర్లు. రావడమూ రెండున్నర గంటలే, పోవడమూ రెండున్నర గంటలే. టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిది వేస్తారు. అందుకని వస్తుంటే గంట తగ్గినట్టూ, పోతుంటే గంట పెరిగినట్టూ ఉంటుంది. నేనెక్కడా దిగలేదత్తయ్యా. ఈ రెండు గడియారాల మధ్య ఉన్న గంటే అటొకసారి, ఇటొకసారి లెక్కకొచ్చి రెండయింది."

అర్మిందో ముల్లు వైపు చూసుకున్నాడు. "సరేలే, ఆకలేస్తోంది" అన్నాడు మెల్లగా.

దెవొలిందా పొయ్యి వైపు వెళ్ళలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"భోజనం గోడ గడియారంలో ఒంటిగంటకి, అందరికీ ఒక్కసారే. ఇరవై రెండు ఆగస్టులుగా మీకు రెండోసారి వండింది ఈ గంటలోనే. ఇకమీదట ఇది నాది."